త్రాడు చూపిన లంబకోణము – కోణభేదముల చరిత్ర

సంధ్యావందనము ముగించి ప్రవర చెప్పుకొనే సమయమున తెలుగునాట చాలామంది నోట వెలువడే నామము ఆపస్తంబ మహర్షిది. ఆ పేరు తలచినంతనే మనకు ఉపనయనము, వివాహము మొదలగు సంస్కారములను విధించిన గృహ్యసూత్రము, ఆచారమును బోధించిన ధర్మసూత్రము స్ఫురిస్తాయి. అయితే ఆపస్తంబ కల్పసూత్రము 30 ప్రశ్నలుగా విభక్తమై ఉన్నదనీ, అందులో చిట్టచివరిదైన 30వ ప్రశ్న త్రాళ్ళతో, మేకులతో, నేలమీద గీసే గీతలతో నిండిన శుల్బసూత్రమనీ ఎరిగినవారు కొందరే. ప్రతిదినము మనము స్మరించే ఆ మహర్షి మనకు క్షేత్రగణితాచార్యుడు కూడా.

ఈ మధ్యకాలములో జిజ్ఞాసువులు తరచుగా అడిగే ప్రశ్న ఒకటున్నది. "పాఠశాలలో పిల్లలు చదివే అల్పకోణము, లంబకోణము, అధికకోణము అనే భేదములు మన శాస్త్రములలో ఉన్నాయా?" దీనికి రెండు సమాధానములు సిద్ధముగా వినబడతాయి. "సర్వమూ వేదములోనే ఉన్నది, యవనులు మననుండి తీసికొనిపోయారు" అనేది మొదటిది. "క్షేత్రగణితమంతా యవనులది, మనవారికి యజ్ఞమే తెలుసు" అనేది రెండవది. మొదటిది ఉన్నదానికంటె అధికముగా చెబుతుంది. రెండవది ఉన్నదానికంటె న్యూనముగా చెబుతుంది. ఉన్నది ఉన్నట్లుగా చెప్పడమే సత్యము గనుక, ఆ సత్యము ఏమిటో గ్రంథముల సాక్ష్యముతోనే పరిశీలిద్దాము.

కోణమనగా ఏమి?

ఒకే బిందువునుండి బయలుదేరిన రెండు సరళరేఖల మధ్యనున్న ఎడమే కోణము. ఆ రేఖలు ఎంత పొడవున్నాయన్నది ఇక్కడ ప్రధానము కాదు, ఒకదాని నుండి మరొకటి ఎంత తిరిగిందన్నదే ప్రధానము. ఒక రేఖ పూర్తిగా ఒక చుట్టు తిరిగి మొదటి స్థానమునకు వస్తే అది 360 డిగ్రీలు, అనగా సంపూర్ణకోణము. అందులో సగము 180 డిగ్రీలు. అప్పుడు రెండు రేఖలూ ఎదురెదురు దిశలలో ఒకే గీతగా పరచుకొంటాయి గనుక అది సరళకోణము. దానిలోనూ సగము 90 డిగ్రీలు, అదే లంబకోణము. లంబకోణమునకు తక్కువైనది అల్పకోణము. దానికి ఎక్కువై సరళకోణమునకు లోబడినది అధికకోణము. సరళకోణమును దాటి సంపూర్ణకోణమునకు లోబడినది పరావర్తన కోణము.

ఈ పట్టికలో ఒక విశేషమును గమనించాలి. అల్పమని గాని అధికమని గాని అన్నప్పుడు "దేనికంటె?" అనే ఆకాంక్ష కలుగుతుంది. ఆ ఆకాంక్షను తీర్చేది లంబకోణమే. మిగిలినవాటిని కొలిచే ప్రమాణము అదే. కనుక కోణముల చరిత్రను లంబకోణముతోనే ప్రారంభించాలి. మన దేశములో అది ప్రారంభమైనది యజ్ఞభూమిలో.

శంకుచ్ఛాయ – ప్రాచీసాధనము

యజ్ఞశాలలో ప్రతిదీ దిక్కును అనుసరించి ఉంటుంది. ఆహవనీయాగ్ని తూర్పున, గార్హపత్యాగ్ని పడమట ఉండాలి. తూర్పు ఎటో సుమారుగా ఊహించి వేదిని నిర్మించడము విధికి సమ్మతము కాదు. సూర్యుడు ఉదయించే చోటునే తూర్పు అనుకొంటే, ఆ చోటు ఉత్తరాయణ దక్షిణాయనములతో పాటు మారుతూ ఉంటుంది. మరి నిశ్చలమైన తూర్పును పట్టుకొనేదెలా?

కాత్యాయన శుల్బసూత్రము ఇందుకొక ఉపాయమును చెప్పింది. సమతలమైన నేలపై ఒక శంకువును నిలువుగా నాటాలి. శంకువు పొడవుకు సమానమైన త్రాటితో దానిచుట్టూ వృత్తమును గీయాలి. పూర్వాహ్ణములో శంకువు నీడ క్రమముగా కుదించుకొంటూ వచ్చి, దాని కొన వృత్తరేఖను తాకుతుంది. అక్కడ ఒక మేకు నాటాలి. అపరాహ్ణములో నీడ మరల పెరుగుతూ పోయి వృత్తమును మరొక చోట తాకుతుంది. అక్కడ రెండవ మేకు నాటాలి. ఆ రెండు మేకులను కలిపే రేఖయే ప్రాచి, అనగా తూర్పుపడమరల రేఖ.

ఇందులోని యుక్తి అతి సరళమైనది. మధ్యాహ్నమునకు ముందు ఎంత కాలమున్నదో, తరువాత అంతే కాలము గడిచినప్పుడు సూర్యుని ఎత్తు సమానము, నీడ పొడవూ సమానము. కనుక ఆ రెండు బిందువులు ఉత్తరదక్షిణ రేఖకు ఇరువైపులా సమదూరములో పడతాయి. తరువాత ఆ రెండు మేకులకూ ఒక పొడవైన త్రాటి రెండు కొనలను తగిలించి, నడిమిని పట్టుకొని దక్షిణమునకు ఒకసారి, ఉత్తరమునకు ఒకసారి బిగువుగా లాగి గురుతు పెడితే ఉత్తరదక్షిణ రేఖ లభిస్తుంది. రెండు రేఖలు ఖండించుకొన్నచోట నాలుగు మూలలు ఏర్పడతాయి. ఆ నాలుగూ సమానములు, నాలుగూ లంబకోణములు.

ఇక్కడ కోణమును కొలిచే సాధనమేదీ లేదు, అంకెలూ లేవు. సూర్యుడు, ఒక కొయ్య, ఒక త్రాడు, ఒక దినమంతా వేచియుండే ఓర్పు మాత్రమే ఉన్నాయి. లంబకోణము ఇక్కడ ఒక నిర్వచనముగా గాక, ఒక కర్మగా అవతరించింది.

మహావేది – ఆపస్తంబుని త్రాడు

సోమయాగమున నిర్మించే మహావేది చతురస్రము కాదు. దాని పడమటి భుజము 30 ప్రక్రమములు, తూర్పు భుజము 24 ప్రక్రమములు, నడుమ తూర్పుపడమరలుగా సాగే మధ్యరేఖ 36 ప్రక్రమములు. పడమట విశాలముగా, తూర్పున కొంచెము సన్నగా ఉండే ఆకృతి ఇది. ఈ మధ్యరేఖకు పృష్ఠ్య అని పేరు, అనగా వెన్ను.

దీనిని నేలమీద నిలిపే పద్ధతిని ఆపస్తంబ మహర్షి ఇలా బోధించారు. 36 ప్రక్రమముల దూరములో పృష్ఠ్య కొనలయందు రెండు మేకులు నాటాలి. 54 ప్రక్రమముల త్రాటిని తీసికొని, ఒక కొననుండి 15వ ప్రక్రమమువద్ద గురుతు పెట్టాలి. మిగిలిన భాగము 39. గురుతుకు దగ్గరగా ఉన్న కొనను పడమటి మేకుకూ, రెండవ కొనను తూర్పు మేకుకూ తగిలించి, గురుతును పట్టుకొని దక్షిణమునకు లాగాలి. త్రాడు రెండు వైపులా బిగిసినప్పుడు గురుతు నిలిచిన చోటే వేది యొక్క నైరృతి మూల. అలాగే ఉత్తరమునకు లాగితే వాయవ్య మూల. త్రాటిని తారుమారు చేసి తూర్పుకొనవద్ద ఇదే విధముగా లాగి, 12 ప్రక్రమములవద్ద మేకులు నాటితే తూర్పు మూలలు రెండూ సిద్ధిస్తాయి.

ఇందులోని రహస్యము 15, 36, 39 అనే సంఖ్యలలో ఉన్నది. 15 యొక్క వర్గము 225, 36 యొక్క వర్గము 1296. ఈ రెండింటి మొత్తము 1521, అది 39 యొక్క వర్గము. ఈ సంబంధము గల మూడు కొలతలతో త్రాటిని బిగించినప్పుడు 15కూ 36కూ నడుమ లంబకోణము తప్ప వేరొకటి ఏర్పడే అవకాశమే లేదు. ఇదే వేదికి ఉపయోగపడే ఇతర సంఖ్యాత్రయములనూ ఆపస్తంబులు పేర్కొన్నారు: 3, 4, 5; 5, 12, 13; 8, 15, 17; 12, 35, 37. దీర్ఘచతురస్రము యొక్క కర్ణముపై ఏర్పడే వర్గము, రెండు భుజములపై వేర్వేరుగా ఏర్పడే వర్గముల మొత్తమునకు సమానమనే సామాన్య నియమమును బౌధాయన శుల్బము అంతకుముందే స్పష్టముగా చెప్పియున్నది.

మరి మహావేది మూలల పేర్లేమిటి? పడమటి మూలలు రెండూ శ్రోణులు, అనగా కటిభాగములు. తూర్పు మూలలు రెండూ అంసములు, అనగా భుజశిరస్సులు. వేది ఒక శరీరము. దానికి వెన్నున్నది, కటి ఉన్నది, భుజములున్నాయి. మూలను చూచినప్పుడు ఋషి దృష్టికి అది ఒక అవయవముగా కనబడింది.

మనము ఈ వేదినే నేటి కోణమానినితో కొలిచి చూద్దాము. పడమటి అర్ధభుజము 15, తూర్పు అర్ధభుజము 12. 36 ప్రక్రమముల దూరములో పక్కగీత 3 ప్రక్రమములు లోపలికి వంగుతుంది. ఆ లెక్కన ప్రతి శ్రోణివద్ద కోణము సుమారు 85 డిగ్రీల 14 నిమిషములు, అది అల్పకోణము. ప్రతి అంసమువద్ద కోణము సుమారు 94 డిగ్రీల 46 నిమిషములు, అది అధికకోణము. ఒక శ్రోణిని, అదే వైపునున్న అంసమును కలిపితే సరిగా 180 డిగ్రీలు. అవి పరస్పరము సంపూరక కోణములు. పృష్ఠ్య భుజములను తాకే చోట లంబకోణములు. పృష్ఠ్య తానే ఒక సరళరేఖ గనుక దానిపై ఏ బిందువువద్దనైనా సరళకోణము. నేటి పాఠ్యపుస్తకములోని కోణభేదములలో ప్రధానమైనవన్నీ ఒక్క మహావేదిలోనే కొలువై ఉన్నాయి.

అయినప్పటికీ, "శ్రోణి అల్పకోణము, అంసము అధికకోణము" అని శుల్బసూత్రము ఎక్కడా చెప్పలేదు. అటువంటి వర్గీకరణ అక్కడ లేదు. త్రికోణాకారమైన ప్రౌగచితిని నిర్మించేటప్పుడు కూడా, కావలసిన వైశాల్యమునకు రెట్టింపు గల సమచతురస్రమును గీచి, తూర్పు భుజము నడిమి బిందువును పడమటి రెండు మూలలతో కలపమన్నారు. ఆ శిఖరమువద్ద ఏర్పడే కోణము సుమారు 53 డిగ్రీలు. కానీ సూత్రకారునికి ఆ సంఖ్యతో పని లేదు. ఆయనకు కావలసినవి భుజములు, వైశాల్యము, దిక్కు. ఈ మూడూ సరిగా ఉంటే కోణము తనంతట తానే సరిగా ఉంటుంది. కోణములు ఉన్నాయి, వాటిని నిర్దుష్టముగా సాధించే విద్య ఉన్నది, వాటి భేదములకు నామకరణము మాత్రము లేదు. శుల్బసూత్రముల విషయములో యథార్థము ఇది.

ధనుస్సు, జ్య – కోణము వృత్తమునెక్కినది

కోణమునకు పరిమాణము ఏర్పడినది జ్యోతిశ్శాస్త్రములో. ఋగ్వేదము ప్రథమ మండలములో దీర్ఘతమస మహర్షి దర్శించిన సూక్తమున పన్నెండు భాగముల చక్రము, అందులో పొదిగిన 360 శంకువుల ప్రస్తావన ఉన్నది. ఇది చూపి డిగ్రీల విభాగము వేదోక్తమని కొందరు అంటారు. కానీ అక్కడి చక్రము సంవత్సరము, శంకువులు దినములు. అది కాలమును గురించిన దర్శనము. వృత్తమును 360 భాగములుగా కోణమానమునకు వినియోగించిన సంప్రదాయము బాబిలోనియా ఖగోళజ్ఞులనుండి యవనులకు, వారినుండి మన సిద్ధాంతగ్రంథములకు చేరినది. రాశి యందలి 30 భాగములు, భాగమునందలి 60 కలలు ఆ మార్గముననే వచ్చాయి. కలకు పర్యాయమైన "లిప్త", జాతకశాస్త్రములోని "కేంద్రము", "త్రికోణము" అనే పారిభాషిక పదములు యవనభాషా మూలములనుండి వచ్చినవేనని పండితులు నిర్ణయించారు.

ఐతే వచ్చినదానిని మన ఆచార్యులు వచ్చినట్లుగానే ఉంచలేదు. క్రీ.శ. 499లో ఆర్యభటీయమును రచించిన ఆర్యభటులు, యవనులు వాడిన పూర్ణజ్యకు బదులుగా అర్ధజ్యను ప్రధానము చేసి లెక్కించారు. వృత్తములోని ఒక ఖండమును ధనుస్సుగా భావించండి. ఆ వింటికి కట్టిన నారి జ్య. దానిలో సగము అర్ధజ్య. నారి నడిమినుండి వింటి నడిమి వరకు ఉన్న దూరము శరము. కోణము పెరిగితే విల్లు పెద్దదవుతుంది, నారియూ పొడవవుతుంది. విల్లును బట్టి నారిని, నారిని బట్టి విల్లును తెలిసికోవచ్చును. ఆర్యభటులు 225 కలల అంతరముతో 24 జ్యాంతరములను అక్షరసంజ్ఞలలో ఒకే శ్లోకములో ఇమిడ్చారు. మొదటిది 225, చివరిది 7. ఆ పట్టికకు ఆధారమైన వ్యాసార్ధము 3438 కలలు. ఆ పట్టిక 90 డిగ్రీలవద్ద ముగుస్తుంది. 90 డిగ్రీలనగా మూడు రాశులు. మూడు రాశుల జ్య గనుక వ్యాసార్ధమునకు "త్రిజ్య" అని పేరు. లంబకోణము ఇక్కడ కూడా ప్రమాణస్థానములోనే నిలిచినది. కానీ దాని నివాసము మూలలో కాదు, పరిధిమీద.

ఈ జ్య దేశాంతరములకు పయనించినది. "జీవ" అనే దాని పర్యాయము అరబ్బీలో "జీబ" అయినది. అచ్చులు వ్రాయని ఆ లిపిలో దానిని "జైబ్" అని చదివారు. జైబ్ అనగా వస్త్రపు మడత, ఒడి. 12వ శతాబ్దమున లాటిన్ అనువాదకులు దానికి అదే అర్థము గల "సైనస్" అనే మాటను వాడారు. నేడు ప్రపంచమంతటా విద్యార్థులు ఉచ్చరించే "సైన్" ఆ ఆర్యభటుని వింటినారియే. విద్య ఒక దిక్కునుండి మాత్రమే ప్రవహించదని తెలియడానికి ఇంతకంటె నిదర్శనము అక్కరలేదు.

లీలావతి – వెలుపల పడిన లంబము

క్షేత్రగణితములో మనవారు త్రిభుజములను ప్రధానముగా భుజములను బట్టి విభజించారు: సమము, ద్విసమము, విషమము. పావులూరి మల్లన తెనిగించిన గణితసారసంగ్రహమునకు మూలకర్తయైన మహావీరాచార్యులు చెప్పినదీ ఈ విభాగమే. లంబకోణ త్రిభుజమునకు మాత్రము బ్రహ్మగుప్తుల సంప్రదాయములో "జాత్యము" అనే గౌరవనామము దక్కినది. జాత్యమనగా ఉత్తమజాతికి చెందినది. మరి అధికకోణము గల త్రిభుజమును వారెలా గుర్తించారు?

1150 ప్రాంతమున భాస్కరాచార్యులు రచించిన లీలావతిలో దీనికి చక్కని ఉదాహరణమున్నది. ఒక త్రిభుజమునకు భుజములు 10, 17. భూమి 9. శిఖరమునుండి భూమిపై లంబమును దింపితే, అది భూమిని రెండు ఖండములుగా చేస్తుంది. ఆ ఖండములకు ఆబాధలని పేరు. నియమము ప్రకారము భుజముల మొత్తము 27ను వాటి భేదము 7తో గుణించి భూమి 9తో భాగిస్తే 21 వస్తుంది. ఇది ఆబాధల భేదము కావాలి. కానీ మొత్తము భూమియే 9! తొమ్మిదిలోని రెండు ముక్కల భేదము ఇరవైయొకటి ఎలా అవుతుంది?

భాస్కరాచార్యులు లెక్క తప్పని త్రోసిపుచ్చలేదు. 9లోనుండి 21ని తీసివేసి సగము చేస్తే ఋణము 6. 9కి 21 కలిపి సగము చేస్తే 15. ఒక ఆబాధ ఋణమైనదంటే అది వ్యతిరేకదిశలో ఉన్నదని ఆయన వివరించారు. అనగా లంబము భూమిపై పడలేదు, భూమిని దాటి వెలుపల 6 మాత్రల దూరములో పడినది. లంబము 8, వైశాల్యము 36. సరిచూచుకోదలచినవారు 6, 8, 10 మరియు 8, 15, 17 అనే రెండు జాత్యత్రిభుజములను గీచి చూడవచ్చును.

లంబము వెలుపల పడినదంటే ఆ మూలవద్ద కోణము లంబకోణమును మించినదని అర్థము. అధికకోణము అనే పేరు ఆచార్యులకు అవసరము కాలేదు. ఋణసంఖ్య అనే చిహ్నముతో, దిక్కు తారుమారైనదనే వివేకముతో దానిని పట్టుకొన్నారు. శుల్బకారులు దిక్కును బట్టి కోణమును సాధించారు. సుమారు రెండువేల సంవత్సరముల తరువాత భాస్కరులూ దిక్కును బట్టే కోణభేదమును గ్రహించారు. మన సంప్రదాయపు స్వభావమిది.

రేఖాగణితము – నామకరణము

కోణభేదములకు నేటి రూపములో పేర్లు పెట్టిన సంస్కృతగ్రంథము జగన్నాథ సమ్రాట్టు రచించిన రేఖాగణితము. ఆయన ఆంబేరు ప్రభువైన సవాయి జయసింహుని ఆస్థాన పండితులు. జయపురము, ఢిల్లీ, ఉజ్జయిని, వారాణసి, మథురలలో వేధశాలలు కట్టించిన రాజు ఆయనే. జయపురములోని సుమారు 27 మీటర్ల ఎత్తైన సమ్రాట్ యంత్రపు వాలుగోడ నేలతో చేసే కోణము ఆ నగరపు అక్షాంశమునకు సమానము, సుమారు 27 డిగ్రీలు. ఒక కోణమే రాతికట్టడముగా నిలిచి కాలమును చెబుతున్నదక్కడ.

క్రీ.పూ. 300 ప్రాంతమున అలెగ్జాండ్రియాలో యూక్లిడ్ కూర్చిన గ్రంథమును 13వ శతాబ్దములో నసీరుద్దీన్ తూసీ అరబ్బీలో సంస్కరించారు. ఆ అరబ్బీ పాఠమునుండి 18వ శతాబ్దపు పూర్వభాగములో జగన్నాథ పండితులు 15 అధ్యాయముల సంస్కృత గ్రంథమును నిర్మించారు. ఒక రేఖపై మరొక రేఖ నిలిచినప్పుడు ఇరుపక్కల ఏర్పడే కోణములు సమానములైతే, అందులో ప్రతి ఒక్కటీ సమకోణము. సమకోణమునకు మించినది అధికకోణము. దానికి తక్కువైనది న్యూనకోణము.

ఈ మూడు పేర్లను మూడు భాషలలో పోల్చి చూస్తే మనోహరముగా ఉంటుంది. యవనులు లంబకోణమును నిటారైనదనీ, అల్పకోణమును వాడియైనదనీ, అధికకోణమును మొద్దైనదనీ పిలిచారు. అది చేతితో తాకి చూచే శిల్పి భాష. అరబ్బులు నిలిచినది, వాడియైనది, విప్పారినది అన్నారు. సంస్కృతములో అవి సమము, న్యూనము, అధికము అయ్యాయి. స్పర్శ తొలగి తులన మిగిలినది. మన తెలుగులో న్యూనము స్థానమున అల్పము వచ్చినది, సమకోణమునకు లంబకోణమనే పేరు స్థిరపడినది. లంబమనగా వ్రేలాడునది. తాపీపనివాడు గోడ నిలువును చూచుకొనే తూకపు గుండు ఆ మాటలో కనబడుతుంది. నేటికీ ఇంటికి ముగ్గు పోసేటప్పుడు మేస్త్రీలు ఒక వైపు 3 అడుగులు, మరొక వైపు 4 అడుగులు కొలిచి, ఎదుటి గీత సరిగా 5 అడుగులు వచ్చిందా అని చూస్తారు. అలా మూలమట్టము సరిచూచే ఆ మేస్త్రీ చేతిలో ఆపస్తంబుని త్రాడు కొలత టేపు రూపములో జీవించియున్నది.

ఇక్కడ సాధకులు నిదానించి ఆలోచించవలసిన విషయమొకటున్నది. రేఖాగణితపు ఆరంభములో జగన్నాథ పండితులు ఈ శాస్త్రమును బ్రహ్మ విశ్వకర్మకు ఉపదేశించాడనీ, పరంపరగా భూమికి వచ్చి విచ్ఛిన్నమైనదనీ, జయసింహుని ఆజ్ఞచే తాను మరల ప్రకాశింపజేశాననీ చెప్పారు. యూక్లిడ్ ప్రసక్తి ఆ శ్లోకములలో లేదు. కానీ అదే పండితులు సమ్రాట్ సిద్ధాంతములో, అరబ్బీ భాషలో మిజాస్తీ అనే గ్రంథమున్నదనీ, గణకులు సుఖముగా గ్రహించడానికి దానిని గీర్వాణభాషలో వెలువరించాననీ దాపరికము లేకుండా ప్రకటించారు. ఒకే చేయి వ్రాసిన రెండు వాక్యములు ఇవి. మొదటిది సమస్తవిద్యలకూ మూలము పరమేశ్వరుడనే భక్తుని దృష్టి. రెండవది ఏ గ్రంథమునుండి ఏమి గ్రహించానో చెప్పే పండితుని నిజాయితీ. భక్తిదృష్టితో పలికిన మాటను చరిత్రగా చేసి వాదమునకు దిగినప్పుడే మనకు చిక్కు ఏర్పడుతుంది.

న్యూనాధికములు

విద్యను ఇతరులనుండి గ్రహించామని ఒప్పుకొంటే ధర్మమునకు లాఘవము కలుగుతుందని భయపడేవారున్నారు. వారు వరాహమిహిరాచార్యులను స్మరించాలి. 6వ శతాబ్దములో ఆయన బృహత్సంహితలో, యవనులు మ్లేచ్ఛులైనప్పటికీ జ్యోతిశ్శాస్త్రము వారియందు చక్కగా నెలకొని ఉన్నందున వారు ఋషులవలె గౌరవింపబడుచున్నారనే భావమును నమోదు చేశారు. పరుని విద్యను పూజ్యముగా చూడగలిగిన ఆ ధైర్యము వెనుక తన విద్యపై గల నిశ్చయము ఉన్నది. తన ఇంట దీపమున్నవాడు పొరుగింటి దీపమును చూచి కలవరపడడు.

కనుక మొదటి ప్రశ్నకు సమాధానము ఇలా ఉండాలి. లంబకోణమును సూర్యచ్ఛాయతోను, త్రాటితోను నిర్దుష్టముగా సాధించిన విద్య మన శుల్బసూత్రములది. కోణమును అర్ధజ్యతో లెక్కించి ప్రపంచమునకు అందించిన ఘనత ఆర్యభటాది ఆచార్యులది. ఋణాబాధతో అధికకోణమును గుర్తించిన ప్రజ్ఞ భాస్కరులది. వృత్తమునకు 360 భాగములనే విభాగము బాబిలోనీయులది. న్యూన, సమ, అధిక భేదములను నిర్వచించి శాస్త్రీకరించినది యూక్లిడ్. దానిని కాపాడి అందించినవారు అరబ్బీ పండితులు. దానికి మన భాషలో పేరు పెట్టినవారు జగన్నాథులు. ఇందులో ఎవరి భాగమును తగ్గించినా, ఎవరి భాగమును పెంచినా మూల వంకరపోతుంది.

గృహ్యకర్మలలో హోమము ముగిసే సమయమున స్విష్టకృత్ ఆహుతి ఇస్తాము. ఈ కర్మలో నేను చేసిన అధికమును, న్యూనమును ఎరిగిన అగ్నిదేవుడు సర్వమును చక్కజేయుగాక అని అప్పుడు ప్రార్థిస్తాము. గమనించండి, అక్కడ న్యూనమే కాదు, అధికమూ దోషమే. తక్కువ చేయడము ఎంత పొరపాటో, ఎక్కువ చేయడమూ అంతే పొరపాటు. కోణముల విషయములో అల్పము, అధికము దోషములు కావు, అవి స్వభావములు. మహావేదికి శ్రోణులూ కావాలి, అంసములూ కావాలి. కానీ సత్యమును చెప్పేటప్పుడు మాత్రము సమమొక్కటే ఉపాదేయము.

ఈ రోజు ఎండ కాసే చోట ఒక కొయ్యను నిలువుగా నాటి, మీ పిల్లలతో కలిసి ఉదయము ఒకసారి, సాయంత్రము ఒకసారి నీడ కొనను గురుతు పెట్టండి. రెండు గురుతులను కలిపి, త్రాటిని లాగి, నాలుగు మూలలను చూపండి. ఇది మన ఋషులు చూపిన లంబకోణమని చెప్పండి. ఆ పిమ్మట పాఠ్యపుస్తకము తెరచి, ఈ అల్పాధిక భేదములను యూక్లిడ్ అనే యవనాచార్యుడు నిర్వచించాడని కూడా చెప్పండి. రెండూ విన్న బిడ్డ తన సంప్రదాయమును ప్రేమిస్తాడు, సత్యమునూ విడిచిపెట్టడు. రేపు సంధ్యావందనమున ఆపస్తంబ సూత్రమని పలికేటప్పుడు, బిగువుగా లాగిన ఆ త్రాడు వాని కన్నులకు కనబడుతుంది.

స్వస్తి.